మా అమ్మ మొక్కు, నా లోటు

పెళ్ళయిన ఐదో ఏడు వచ్చేసరికి మా ఇంట్లో నా భార్య తినే రోజులకంటే తినని రోజులు ఎక్కువయ్యాయి. సోమవారం శివుడికి, శనివారం వెంకన్నకి, ఏకాదశి ఎలాగూ ఉన్నదే. ఇవి కాక మా అమ్మ శ్రీముఖలింగం వెళ్ళి, వంశధారలో మునిగి, తడిచీరతో నిలబడి మొక్కిన పెద్ద మొక్కు ఒకటి ఉండేది. నెలనెలా కోడలు మూడు రోజులు బయట ఉండి, తలస్నానం చేసి ఇంట్లోకి వచ్చిన దగ్గర్నుంచి పదిహేను రోజులు దీక్ష. ఒంటిపూట భోజనం, నీచు ముట్టకూడదు, నేల మీద పడక. ఆ పడక కూడా మా అమ్మ పక్కనే. స్నానం చేసి వచ్చిన ఆడది అప్పుడే శుద్ధిగా ఉంటుందనీ, ఆ శుద్ధి పోకముందే కోరిక దేవుడి చెవిన వెయ్యాలనీ మా అమ్మ సిద్ధాంతం.

నెలలో పదిహేను రోజులు దేవుడు పట్టుకుపోగా, మూడు రోజులు నా భార్య బయట ఉండగా, మిగిలిన వాటిలోంచి సోమవారాలూ శనివారాలూ తీసేస్తే నా వంతుకి ఏం మిగిలేదో మీరే ఊహించుకోండి. నాకు తెలియక కాదు. తల్లి దగ్గర కొడుకు నోరు విప్పే సంగతా అది?

ఇది అరవైల దశకం చివరి మాట. మాది ఆమదాలవలసకి మూడు మైళ్ళ దూరంలో పల్లె. నాన్న అప్పటికే పోయారు. కాస్త పల్లం, కాస్త మెట్ట ఉండేవి. ఆ సాగు మీదే గడవదని నేను ఆమదాలవలసలో ఒక రైసుమిల్లులో పనికి కుదిరాను. ఉప్పుడు బియ్యం తయారు చేసే మిల్లు. వడ్లు ఉడికించే పొయ్యి ముందు పీట వేసుకుని, సాయంత్రం దాకా ఊక ఎగదోస్తూ కూర్చోవడం నా పని. లేచేసరికి పంచె అట్లపెనంలా కాలిపోతూ ఉండేది. చేతికందేంత దూరంలో నిప్పు ఉండగా చుట్ట కాల్చనివాడు మనిషే కాదని మా మిల్లులో అభిప్రాయం. నేను మంచి మనిషిని, రోజుకి పది కాల్చేవాడిని. సాయంత్రం తోటివాళ్ళతో కాస్త సారా. ఇంటికొస్తే అమ్మ కాగునిండా పొగలు కక్కే నీళ్ళు కాచి ఉంచేది, కొడుకు అలిసిపోయి వచ్చాడని. ఆ నీళ్ళతో కోడిని ముంచితే ఈకలు ఊడొచ్చేవి.

అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. వడ్లబస్తా ఎవరి సాయమూ లేకుండా వీపుకెక్కించేవాడిని. పిల్లలు పుట్టకపోవడంలో నా చెయ్యి కూడా ఉండొచ్చన్న ఊహ కల్లో కూడా రాలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు లోటంతా నా భార్యదే అని ఊరు అనుకుంది, అమ్మ అనుకుంది, నేనూ అనుకున్నాను. ఆవిడ ఏమనుకుంటోందో ఎవరమూ అడగలేదు.

మా అమ్మ అడ్డపొగ కాల్చేది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి, లోపలే పొగ పీల్చడం మా వైపు ఆడవాళ్ళకి అలవాటు. చుట్ట నోట్లో ఉండగానే మాట్లాడేది, తిట్టేది, కోడలికి కొత్త మొక్కులు చెప్పేది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, మనవడికి వెండి మొలతాడు కూడా చేయించి పెట్టెలో దాచింది. కోడలి మీద ద్వేషమేమీ లేదు. మనవడి మీద అంత ఆశ.

ఆ ఏడు ఊడ్పుల్లో, దీక్ష పదో రోజున, నా భార్య మడిలో నారు పట్టుకుని నిలబడ్డది నిలబడ్డట్టే బురదలో పడిపోయింది. ఆడవాళ్ళు గట్టు మీదకి మోసుకొచ్చి మొహాన నీళ్ళు కొట్టారు. చూడ్డానికి వచ్చిన నర్సమ్మ రెప్పలు లాగి చూసి, "రక్తమే లేదు ఈ పిల్లలో. విజయనగరంలో ఆడడాక్టరు ఉంది, తీసుకెళ్ళండి" అంది. నాకు మిల్లు ఉందిగా. వాళ్ళ అన్నయ్యని తోడిచ్చి పంపాను.

సంక్రాంతిలోగా రెండుసార్లు వెళ్ళొచ్చింది. రెండుసార్లూ ఒకటే మాట తెచ్చింది.

"డాక్టరమ్మ నిన్ను రమ్మంతన్నాది, బావా."

"నానెందుకే? నాకేటొచ్చినాది? ఎద్దులాగున్నాను."

"నానూ అదే సెప్పినాను. ఎద్దుల్నే ముందు సూడాలన్నాది."

పండగ వెళ్ళాక మూడోసారి ఆవిడ అడగలేదు, చెప్పింది. "ఈ బుదారం నువ్వొస్తన్నావు. రాపోతే నాను టేసన్లోనే కూకుంటాను. ఇంటికి రాను." నా భార్య మాటలు తక్కువ మనిషి. అలాంటివాళ్ళు ఒక మాట అన్నారంటే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదని ఐదేళ్ళ కాపురంలో నాకు తెలిసింది. పోయాను.

ఆ రోజుల్లో ఏ గోడ చూసినా ఎర్ర త్రికోణమే. పిల్లలు ఇక చాలు, ఆపండి అని సర్కారు ఊరూరా చెబుతోంది. మేమేమో ఒక్కణ్ణి పుట్టించడానికి రైలెక్కి వెళ్తున్నాం. ఆసుపత్రిలో నా భార్య లోపలికి వెళ్ళింది, నన్ను మగవాళ్ళ వైపు కూర్చోమన్నారు. ఒక బల్ల మీద పదిమంది మగవాళ్ళు తలలు దించుకుని కూర్చుని ఉన్నారు. వాళ్ళూ నాలాంటివాళ్ళే అనుకుని, ధైర్యం తెచ్చుకుని పక్కన చేరాను. ఏం వరస ఇది అని ఎవర్నీ అడగలేదు. అడగడానికి సిగ్గు. కాసేపటికి కాంపౌండరు కాగితం తీసుకుని వచ్చాడు.

"పిల్లలెంతమంది?"

"ఒక్కరూ లేరండి."

అతను కలం ఆపి నన్ను ఎగాదిగా చూశాడు. "మరి ఆపరేషనుకెందుకు కూర్చున్నావయ్యా?"

బల్ల బల్లంతా నవ్వింది. ఐదుగురు పిల్లల తండ్రి ఒకడు నా భుజం తట్టి, "కావాలంటే మావోళ్ళలో ఇద్దర్ని అట్టుకుపో తమ్ముడా" అన్నాడు. పరుగులాంటి నడకతో డాక్టరమ్మ గదిలోకి పడ్డాను. మరో నిమిషం ఆలస్యమైతే ఈ జ్ఞాపకాలు మరో రకంగా ఉండేవి.

డాక్టరమ్మది గోదావరి వైపు మాట. పెద్దావిడ, గట్టి మనిషి. పరీక్ష చెయ్యాలని ఒక సీసా ఇచ్చింది. ఆ సీసా సంగతి ఇక్కడ రాయను. మధ్యాహ్నానికి ఫలితం కాగితం వచ్చింది. మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది.

"బీజకణాలు లేవని కాదు. ఉండాల్సినన్ని లేవు, ఉన్నవి నీరసంగా ఉన్నాయి. మీరేం పని చేస్తారు?"

చెప్పాను. పొయ్యి, చుట్టలు, సారా, కాగునీళ్ళు, మూడు చుట్లు బిగించిన గోచీ, అన్నీ ఒక్కొక్కటే లాగింది. పోలీసులు కూడా అంత బాగా లాగరు. తరవాత నా భార్య వైపు తిరిగి నెలలో రోజుల గురించి అడిగింది. ఆవిడ తల వంచుకుని దీక్ష సంగతి చెప్పింది. స్నానం చేసిన రోజు నుంచి పదిహేను రోజులు అనగానే డాక్టరమ్మ చేతిలో కలం కింద పెట్టేసింది. కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుంది. ముందు ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"అమ్మా, బిడ్డ కడుపున పడేది ఆ రోజుల్లోనే కదమ్మా! సరిగ్గా ఆ పదిహేను రోజులూ ఏరి మీ అత్తగారు తాళం వేసింది. పైగా నిన్ను పస్తు పెట్టింది. దేవుడు ఇద్దామనుకున్నా ఏ దారిన ఇస్తాడు?"

నేను పైకి చూశాను, కిందికి చూశాను. నా భార్య మాత్రం నన్నే చూసింది.

డాక్టరమ్మ చెప్పినవి గొప్ప మందులేం కాదు. నా భార్యకి బలానికి మాత్రలు ఇచ్చింది. ఉపవాసాలు మానేసి మూడు పూటలా తినాలంది, పప్పు, ఆకుకూర, చేపలు, గుడ్లు, చోడి అంబలి, అదే రాగి అంబలి. నేను చుట్ట, సారా మానెయ్యాలి. పొయ్యి ముందు నుంచి లేవాలి, కింద అంత వేడి తగిలితే బీజం దెబ్బతింటుందంది. నీళ్ళు గోరువెచ్చన చాలు. గోచీ వదులు చెయ్యాలి. ఆ రోజుల్లో కలిసి ఉండాలి. "మగవాడి ఒంట్లో మార్పు కనిపించడానికి మూడు నెలలైనా పడుతుంది, ఓపిక పట్టండి. పుట్టి తీరుతారని నేను రాసివ్వను. పుట్టకపోవడానికి మీరు చేస్తున్నవన్నీ మాత్రం ఆపండి" అంది. లేచేటప్పుడు నాతో, "దీక్ష సంగతి మీ అమ్మగారికి మీరే చెప్పాలి. కాగితం సంగతి కూడా" అంది.

తిరుగు రైల్లో నా భార్య కిటికీ లోంచి చూస్తూ అంది, "నాను సెప్పను. నాను సెపితే అత్త నమ్మదు. కొడుకు మీద నింద ఏసిందంటాది. నువ్వే సెప్పాల."

"సెప్తాను లేవే" అన్నాను. కాగితం మడిచి, చొక్కా లోపలి జేబులో పెట్టి, ఇంటికి రాగానే గాదె వెనక దాచేశాను.

మర్నాటి నుంచి నా సంస్కరణ మొదలైంది. మిల్లు యజమానిని బతిమాలి పొయ్యి నుంచి కళ్ళంలోకి మారాను. ఉడికిన వడ్లు ఆరబోసి, వాటిలో నడుస్తూ కాళ్ళతో తిరగేసే పని. మా మిల్లులో అది ఆడవాళ్ళ పని. ఎండ ఫరవాలేదా అని ముందే డాక్టరమ్మని అడిగాను. "ఎండ నెత్తి మీద పడుతుంది లెండి" అంది. ఇరవైమంది ఆడవాళ్ళ మధ్య పంచె ఎగ్గట్టి వడ్లు తొక్కుతుంటే వాళ్ళు ఊరుకుంటారా?

"ఏటి బావా, పొయ్యి నిన్నొగ్గేసినాదా, పొయ్యిని నువ్వొగ్గేసినావా?"

"సుట్ట కూడా మానేసినాడంటమ్మా. సన్నాసుల్లో కలిసిపోతాడేటో!"

చుట్ట కోసం నోరు పీకితే వేయించిన చింతపిక్కలు బుగ్గన పెట్టుకునేవాడిని. మొదటి పదిరోజులూ అందరి మీదా అరిచాను, చివరికి మా ఎద్దుల మీద కూడా. సాయంత్రం సారా దగ్గరికి పోకుండా నేరుగా ఇంటికి వస్తున్నానని అమ్మకి అనుమానం. కాగునీళ్ళు వద్దు, తొట్టి నీళ్ళు చాలన్న రోజున ఆవిడ గుండె జారిపోయింది.

"ఓలమ్మో, నా కొడుక్కేటో అయిపోనాది! సుట్ట కాల్సడు, సారా తాగడు, సన్నీళ్ళోసుకుంతన్నాడు! ఎవుర్తి కళ్ళు పడ్డాయో!" అని వీధిలో వాళ్ళందరికీ చెప్పి, ఎండుమిరపకాయలు ఉప్పు తిప్పి దిష్టి తీసింది.

డాక్టరమ్మ చెప్పినవన్నీ చేశాను, ఒక్కటి తప్ప. అమ్మకి చెప్పలేదు. ఇవాళ చెబుదాం అనుకుంటే ఆవిడకి నడుంనొప్పి. రేపనుకుంటే అమావాస్య. దాంతో దీక్ష యథాప్రకారం నడిచింది. నేను ఒంటికి పట్టించుకున్న ఆరోగ్యమంతా పదిహేను రోజులు గోడకివతల ఒంటరిగా పడుకునేది. గోడకవతల నా భార్య మా అమ్మ పక్కన ఖాళీ కడుపుతో పడుకునేది. మధ్యాహ్నం మిల్లుకి నాకు క్యారేజీ తెచ్చేటప్పుడు అందులో రెండు గుడ్లు దాచుకుని తెచ్చి, కళ్ళం పక్కన గోనెల చాటున నాతోపాటు తినేది. మొగుడితో కలిసి దొంగతనంగా గుడ్డు తినే గతి ఎవరికీ పట్టకూడదు. తింటూ ఒక్కోసారి, "సెప్పినావా?" అని అడిగేది. నేను గుడ్డు పొట్టు తీయడంలో మునిగిపోయేవాడిని.

అలా నాలుగు నెలలు గడిచాయి. వైశాఖంలో ఒకనాడు శృంగవరపుకోట వైపు నుంచి మా మేనమామ దిగాడు, పనసకాయతో. ఊరికే పనసకాయ మోసుకొచ్చే మనిషి కాదు. అమ్మా ఆయనా అరుగు మీద కూర్చుని మెల్లగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆయన చిన్నకూతురు. నాకు. జ్యేష్ఠంలో రెండో పెళ్ళి. చట్టం ఒప్పుకోదని ఎవరో అంటే, ఈ ఊళ్ళోకి చట్టం ఏ రైలెక్కి వస్తాదని మా మావ నవ్వాడు.

నన్ను పిలిచారు. వెళ్ళి స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. లోపల నా భార్య చేటలో బియ్యం చెరుగుతోంది. చెరిగే చప్పుడు ఆగిపోయింది.

అమ్మ నోట్లో చుట్టతోనే మొదలుపెట్టింది. "ఒరే, దీన్నేటీ ఒగ్గీమనడం నేదు. ఇదీ ఉంటాది, అదీ ఉంటాది. ఆరేళ్ళు సూసినాం. నాను సెయ్యని మొక్కు నేదు. దాని కడుపున రాసి నేదు, ఏటి సేస్తాం?"

మా మావ అందుకున్నాడు. "గొడ్డు నేలలో ఎన్నాళ్ళు ఇత్తుతావురా అల్లుడా?"

నిజం చెబుతున్నాను, ఆ క్షణం దాకా కూడా నేను నోరు తెరుస్తానని నాకు నమ్మకం లేదు. ఏదో ఒకటి నసిగి, వచ్చే ఏడు చూద్దామని తప్పించుకుందామనే అనుకున్నాను. కానీ లోపల ఆ చేట చప్పుడు ఆగిపోయింది. ఆవిడ వింటోంది. నేనేమంటానో అని వింటోంది. ఆ కాగితం సంగతి తెలిసి కూడా నాలుగు నెలల నుంచి మా అమ్మతో ఒక్క మాట అనని మనిషి. నామీద నాకే అసహ్యం వేసింది.

"లోటు దానిది కాదు. నాది" అన్నాను.

అమ్మకి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. గాదె వెనక నుంచి కాగితం తెచ్చి చూపించాను. అమ్మకి చదువు రాదు, మా మావకి ఇంగ్లీషు రాదు. అయినా ఇద్దరూ తలకిందులుగా పట్టుకుని చూశారు. ఇక ఆగలేదు నేను. పొయ్యి ముందు పని, చుట్టలు, సీసా, అన్నీ చెప్పేశాను. దీక్ష రోజుల సంగతి వచ్చేసరికి మాత్రం స్తంభం వైపు తిరిగి, స్తంభానికి చెప్పినట్టు చెప్పాను.

మా మావ ముందు తేరుకున్నాడు. ఐదు నిమిషాల కింద అల్లుడా అన్నవాడు, సంతలో పళ్ళు సరిగ్గా లేని ఎద్దుని చూసినట్టు నన్ను చూశాడు. "ముందే సెప్పొచ్చు కదప్పా. నా కూతురి గొంతు కోసేసీదానివి" అని అమ్మని అని, కండువా దులుపుకుని లేచాడు. మూడింటి బండికి పోవాలన్నాడు. పనసకాయ మాత్రం మరిచిపోయాడు.

అమ్మ చుట్ట నోట్లోంచి తీసింది. లోపలికి చూసి కోడల్ని పిలిచింది.

"నీకు తెలుసేటే ఇది?"

"తెలుసత్తా."

"మరి సెప్పలేదేటే?"

"నాను సెపితే నమ్ముదువేటి?"

అమ్మ నా వైపు తిరిగింది. "ఒరే, నానేటి సేసినానురా... తిండి పెట్టకుండా పండబెట్టినాను గదరా దీన్ని" అని కొంగు నోట్లో కుక్కుకుంది. ఆవిడ ఏడవగా చూడటం నాన్న పోయాక అదే మొదటిసారి.

మొక్కు మాత్రం వదల్లేదు. దేవుడి దగ్గర మాట తప్పే మనిషి కాదు. మర్నాడే శ్రీముఖలింగం వెళ్ళి పూజారిని కూర్చోబెట్టి, కోడలి దీక్ష తన మీద వేసుకుంది. నెలకి పదిహేను రోజులు ఒంటిపూట భోజనం, నేల పడక, అన్నీ తనే. చుట్ట నీచు కాదని అది మాత్రం మినహాయించుకుంది. ఇటు కోడలికి చేప ముక్క వేసి, "తిను, ఇంకోటి తిను" అని ఎదురుగా కూర్చునేది. రోజులు కూడా ఆవిడే గుర్తు పెట్టుకునేది. స్నానం చేసిన రోజు నుంచి గోడ మీద బొగ్గుగీతలు గీసి, సాయంత్రం కాగానే తన చాప చంకన పెట్టుకుని పక్కింటి అరుగు మీదకి పోయేది. వీధంతటికీ తెలిసేలా పోయేది. అంతకంటే దీక్షే నయమనిపించింది నాకు.

వెంటనే ఏమీ జరగలేదు. ఐదు నెలలు నిరాశే. ఆరో నెలలో మా అమ్మ బొగ్గుగీతలు గీస్తూనే ఉంది, అవి ముప్పై దాటాయి, నలభై దాటాయి. నలభై రెండో గీత దగ్గర ఆవిడ బొగ్గు కింద పడేసి, రెండు చేతులూ జోడించింది. మరుసటి ఏడు ఊడ్పుల కాలంలో ఆడపిల్ల పుట్టింది. చేప ముక్కలా, చుట్ట మానడమా, ఆ పదిహేను రోజులా, ఏది పనిచేసిందో నాకు తెలియదు. ముఖలింగేశ్వరుడేనని అమ్మ. కావచ్చు, ఆయనకి ఈసారి తలుపు తీసి ఉంది.

పిల్లకి ఏడాది నిండాక జరిగిందొకటి చెప్పి ముగిస్తాను. మా ఎదురింటి వాళ్ళ కొడుక్కి పెళ్ళయి నాలుగేళ్ళు. కోడలికి పిల్లల్లేరని ఆ ఇంట్లో కూడా గుసగుసలు మొదలయ్యాయి. ఒక ఉదయం, వీధిలో ఆడవాళ్ళంతా నూతి దగ్గర ఉండగా, మా అమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని ఆ ఇంటావిడ ముందు నిలబడింది.

"కోడల్నేటే అంటన్నావు? ముందు నీ కొడుకుని అట్టుకెళ్ళు డాకటేరమ్మ కాడికి. నా కొడుకు ఎద్దులాగుండీవోడు కాదేటి? లోటంతా ఆడిదే! కాయితం కూడా ఉన్నాది, సూపిస్తాను రా!"

అన్నంత పనీ చేసింది. కాగితం తెచ్చి నూతి చుట్టూ తిప్పింది. సాయంత్రానికి మిల్లులో తెలిసింది. రెండో రోజుకి కళ్ళంలో ఆడవాళ్ళు నన్ను చూసి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. మూడో రోజు టీకొట్టు వాడు, "ఆరోగ్యం బాగుందా బాబూ" అని అదోలా అడిగాడు. ఇంటికొచ్చి పీట మీద కూలబడ్డాను.

"సూడే, మూడు రోజుల్నుంచి ఊరందరి నోట్లో నానే. ఇదే మాట, ఇదే నవ్వు. తలెత్తుకోలేపోతన్నాను. ఎలగ బతకడమే?"

నా భార్య చంకలో పిల్లని దించి నా ఒళ్ళో కూర్చోబెట్టింది. నవ్వుతూనే ఉంది.

"నాను ఆరేళ్ళు బతికినాను గదా, బావా" అంది.

పిల్ల నా చొక్కా బొత్తాం పట్టుకుని లాగుతోంది. మర్నాడు నేనే ఎదురింటి కుర్రాణ్ణి వెంటబెట్టుకుని విజయనగరం రైలెక్కాను.